పైసా పైసాకూ లెక్క రాసిన కుర్రాడు

అక్టోబరు వచ్చిందంటే మన క్లాసుల్లో గాంధీ వేషాలు మొదలవుతాయి. గుండ్రటి కళ్లద్దాలు, తెల్ల పంచె, చేతిలో కర్ర. మన పిల్లలకు తెలిసిన గాంధీగారు ఎప్పుడూ ముసలాయనే. ఆయనకూ ఒకప్పుడు పదిహేనేళ్లు, పద్దెనిమిదేళ్లు ఉండేవని వాళ్లకు మనం పెద్దగా చెప్పం. ఆ వయసులో ఆయన అప్పు తీర్చడానికి దొంగతనం చేశాడని, అన్న పంపిన డబ్బుతో ఖరీదైన సూటు కుట్టించుకున్నాడని, డ్యాన్స్ క్లాసులో కూడా చేరాడని అసలే చెప్పం. ఇవన్నీ ఆయనే తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు.

ఈ నెల మీకు ఆ కుర్రాడి గురించి చెప్పాలని ఉంది. కారణం ఉంది. మీ అబ్బాయో అమ్మాయో ఇప్పుడు తొమ్మిదిలోనో పదిలోనో ఉన్నారనుకోండి. ఏడాదో రెండేళ్లో గడిస్తే హాస్టల్‌కు వెళ్తారు. చేతికి ఫోన్ వస్తుంది, ఫోన్‌లోకి మీరు పంపిన డబ్బు వస్తుంది. వాళ్లకు శాతాలు వచ్చు, చక్రవడ్డీ సూత్రం వచ్చు. కానీ నెలకు ఇచ్చిన రెండు వేలు ఇరవయ్యో తేదీకే ఎందుకు అయిపోయాయో చెప్పమంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లలు కూడా.

పాతిక రూపాయల అప్పు

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టారు. తండ్రి సంస్థానంలో దివాను. పేరు ప్రతిష్ఠలు ఉన్న ఇల్లే గానీ, తండ్రికి డబ్బు కూడబెట్టాలన్న యావ లేదు. పిల్లలకు మిగిల్చిన ఆస్తి కూడా తక్కువే.

మోహన్‌దాస్‌కు పన్నెండు పదమూడేళ్లప్పుడు బంధువుల కుర్రాడొకడితో కలిసి బీడీలు తాగాలన్న సరదా పుట్టింది. కొనడానికి డబ్బుల్లేవు. ఇంట్లో నౌకరు దాచుకున్న చిల్లర డబ్బుల్లోంచి కాణీలు తీశారు. అది చిన్న దొంగతనం. పెద్దది పదిహేనేళ్ల వయసులో జరిగింది. ఆయన అన్నల్లో ఒకరు ఎక్కడో పాతిక రూపాయల దాకా అప్పు పడ్డాడు. ఆ రోజుల్లో పాతిక రూపాయలంటే పెద్ద మొత్తం. ఇంట్లో చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. అన్న చేతికి మేలిమి బంగారు కడియం ఉంది. అందులోంచి చిన్న ముక్క కోసి అమ్మేస్తే పని అయిపోతుంది. అదే చేశారు. అప్పు తీరిపోయింది.

అప్పు తీరింది గానీ తమ్ముడికి నిద్ర పట్టలేదు. తండ్రి ఎదుట నోరు పెగల్లేదు. చివరికి జరిగిందంతా ఒక కాగితం మీద రాశాడు. తనకు తగిన శిక్ష వేయమని, తన తప్పుకు నాన్న తనను తాను శిక్షించుకోవద్దని వేడుకున్నాడు. ఇంకెప్పుడూ దొంగతనం చేయనని మాట ఇచ్చాడు. అప్పటికి తండ్రి జబ్బుపడి చెక్క బల్ల మీద పడుకుని ఉన్నారు. వణికే చేతులతో కాగితం ఆయనకు అందించి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన లేచి కూర్చుని చదివారు. కళ్లవెంట నీళ్లు కారి కాగితం తడిసింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ కాగితాన్ని చింపేశారు. మళ్లీ పడుకున్నారు. తిట్టలేదు, కొట్టలేదు. 1885లో ఆయన కన్నుమూశారు. కొడుకు మాత్రం ఆ కన్నీళ్లను జీవితమంతా మరిచిపోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ అన్నదమ్ములకు డబ్బు కన్నా పెద్ద సమస్య, ఇంట్లో చెప్పుకోలేకపోవడం. ఈ రోజు మన పిల్లల పరిస్థితి కూడా అదే. ఫ్రెండ్ దగ్గర తీసుకున్న ఐదు వందలు, గేమ్‌లో పోగొట్టుకున్న వెయ్యి, అమ్మ ఫోన్ నుంచి చెప్పకుండా కొట్టిన పేమెంట్... మొత్తం చిన్నదే. దాన్ని దాచడానికి ఇంకో అప్పు, ఆ అప్పును దాచడానికి ఇంకో అబద్ధం మొదలైనప్పుడే అది పెద్దదవుతుంది. మీ పిల్లలు ఎప్పుడైనా అలాంటి కాగితం పట్టుకుని మీ ముందు నిలబడితే, ముందు వినండి. లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఒకసారి చెప్పి భయంకరంగా దెబ్బలు తిన్న పిల్లవాడు రెండోసారి చెప్పడు.

అన్న భుజాల మీద ఓడ ప్రయాణం

1887లో మెట్రిక్ పాసయ్యాక మోహన్‌దాస్ భావ్‌నగర్‌లో కాలేజీలో చేరాడు. పాఠాలు అర్థం కాలేదు. ఒక్క టర్ము కాగానే ఇంటికి తిరిగొచ్చాడు. కుటుంబానికి ఆప్తుడైన మావ్‌జీ దవే అనే పెద్దాయన, ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్ చదివితే మంచిదని సలహా ఇచ్చాడు. ఖర్చు నాలుగైదు వేల రూపాయలు అవుతుందని అంచనా చెప్పాడు. తండ్రి లేడు. పోర్‌బందర్ సంస్థానం సాయం అడిగితే అక్కడి ఇంగ్లిష్ అధికారి, ముందు బీఏ చదువుకో, తర్వాత చూద్దాం అని పంపేశాడు. భార్య నగలు అమ్మితే రెండు మూడు వేలు వస్తాయని కుర్రాడు లెక్కేసుకున్నాడు. చివరికి పెద్దన్న లక్ష్మీదాస్ ఎలాగోలా డబ్బు తెస్తానని ముందుకొచ్చాడు.

బొంబాయి చేరాక ఇంకో చిక్కు. సముద్రం దాటితే కులం నుంచి వెలివేస్తామని కులపెద్దలు తీర్మానించారు. అన్న ఇచ్చి ఉంచిన డబ్బు బావగారి దగ్గర ఉంది. కులానికి భయపడి ఆయన ఇవ్వనన్నాడు. మోహన్‌దాస్ ఒక కుటుంబ స్నేహితుణ్ణి ఒప్పించి, అన్న దగ్గర తిరిగి తీసుకునే షరతు మీద టికెట్టుకూ సామాన్లకూ సరిపడా అప్పు తీసుకున్నాడు. 1888 సెప్టెంబరు 4న ఓడ ఎక్కాడు. ఇంకా పంతొమ్మిదేళ్లు నిండలేదు.

మన ఇళ్లలో జరిగేది ఇదే కదా. చదువు కోసం పొలం అమ్మినవాళ్లు, బంగారం బ్యాంకులో పెట్టినవాళ్లు, ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నవాళ్లు మీలో ఎందరో ఉన్నారు. ఒక తేడా ఉంది. తన చదువు డబ్బు ఎవరి దగ్గర్నుంచి, ఎంత కష్టం మీద వచ్చిందో మోహన్‌దాస్‌కు తెలుసు. ప్రతి అంకెా అతని కళ్లముందే తేలింది. మన పిల్లల్లో చాలామందికి ఫీజు ఎంతో తెలుసు, అది ఎలా వస్తోందో తెలియదు. వాళ్లకెందుకులే ఆ టెన్షన్ అని మనమే దాచిపెడతాం.

పద్దెనిమిది పౌండ్ల మోజు

లండన్‌లో దిగిన తొలి రోజుల్లో విక్టోరియా హోటల్లో ఉన్నాడు. బిల్లు మూడు పౌండ్లు చూసి గుండె గుభేలుమంది. ఆ తర్వాత ఒక కుటుంబంతో కలిసి అద్దెకు ఉన్నాడు. మాంసం ముట్టనని అమ్మకు మాటిచ్చాడు కాబట్టి కడుపు నిండేది కాదు. తిరిగి తిరిగి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటల్ కనిపెట్టాక గానీ తృప్తిగా భోజనం చేయలేదు.

అప్పుడు మొదలైంది అసలు కథ. తోటివాళ్లలో తీసిపోకూడదని, అచ్చమైన ఇంగ్లిష్ దొరబాబులా కనబడాలని మోజు పుట్టింది. ఆ మోజు ఖర్చు ఆయన ఆత్మకథలో అంకెలతో సహా ఉంది. పొడవాటి టోపీకి 19 షిల్లింగులు. బాండ్ స్ట్రీట్‌లో కుట్టించిన సాయంకాలపు సూటుకు 10 పౌండ్లు. డ్యాన్స్ క్లాసుకు ఒక టర్ము ఫీజు 3 పౌండ్లు. సంగీతం వింటే చెవికి తాళం పట్టుబడుతుందని వయొలిన్ కొంటే 3 పౌండ్లు. ఇంగ్లిష్ దర్జాగా మాట్లాడటం నేర్పే క్లాసుకు మొదటి ఫీజు ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. ఇవి చాలక అన్నకు రాసి వాచీకి బంగారు గొలుసు తెప్పించుకున్నాడు. రోజూ పది నిమిషాలు అద్దం ముందు నిలబడి టై సర్దుకునేవాడు, జుట్టు దువ్వుకునేవాడు.

పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మీ పిల్లలతో ఈ కూడిక చేయించండి. టోపీ 19, మాటల క్లాసు 21, కలిపితే 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్లు. సూటు, డ్యాన్స్, వయొలిన్ కలిపితే 16. మొత్తం 18 పౌండ్లు. ఇదెంత పెద్ద మొత్తమో కాస్త ఆగితే తెలుస్తుంది.

డ్యాన్స్‌లో మూడు వారాలకు ఆరు పాఠాలయ్యాయి. పియానో తాళానికి కాలు పడలేదు. వయొలిన్ మొరాయించింది. మూడు నెలలకు మత్తు దిగింది. తాను లండన్ వచ్చింది చదువుకోవడానికి, జీవితాంతం ఇక్కడ ఉండటానికి కాదు అని తోచింది. మాటల క్లాసు మాస్టారికి, డ్యాన్స్ టీచరుకు ఇక రానని ఉత్తరాలు రాశాడు. వయొలిన్ టీచర్ దగ్గరికి స్వయంగా వెళ్లి, ఎంతకొస్తే అంతకు ఆ వయొలిన్ అమ్మిపెట్టమని అడిగాడు.

రోజూ పడుకునే ముందు

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ మోజు నడుస్తున్న రోజుల్లో కూడా మోహన్‌దాస్ ఖర్చు రాయడం మానలేదు. పెన్నీలో నాలుగో వంతును ఫార్దింగ్ అంటారు. ఆ ఫార్దింగ్‌తో సహా రాసుకునేవాడు. బస్సు చార్జీ, ఉత్తరం మీద స్టాంపు, న్యూస్‌పేపర్‌కు ఇచ్చిన రెండు చిల్లర పైసలు, అన్నీ పుస్తకంలోకి ఎక్కాల్సిందే. రోజూ రాత్రి పడుకునే ముందు ఎంత ఉండాలి, ఎంత ఉంది అని సరిచూసుకునేవాడు.

లెక్క రాసినంత మాత్రాన ఖర్చు ఆగదు. ఆగితే ఆ టోపీ కొనేవాడే కాదు. పుస్తకం చేసే పని వేరే. మనం కళ్లు మూసుకోవాలనుకున్న దాన్ని తేదీ వేసి ఎదురుగా పెడుతుంది. ఇవాళ కాకపోతే మూడు నెలలకైనా మనమే చూస్తాం. అమ్మానాన్న చెబితే వాదించే పిల్లలు, తమ చేతిరాతతో వాదించలేరు.

మా తొమ్మిదో క్లాసులో ఒక వారం పాటు ఇలా రాయమని చెప్పాను. ఏమి కొన్నారని నేను అడగలేదు, పుస్తకాలు తీసుకోలేదు. వారం చివర తమకు ఆశ్చర్యం కలిగించిన ఒక్క లైను మాత్రం చెప్పమన్నాను. ఎక్కువమంది చెప్పింది పెద్ద ఖర్చుల గురించి కాదు. ట్యూషన్ నుంచి వస్తూ రోజూ తాగే కూల్‌డ్రింక్, రోజూ కొనే ఇరవై రూపాయల చిప్స్ ప్యాకెట్. ఇరవై రూపాయలు ఏడు రోజులకు నూట నలభై అని వాళ్లే చెప్పారు. నెలకు ఆరు వందలు అవుతుందని వెనక బెంచీలోంచి ఇంకొకరు అందించారు. ఎవరూ క్లాసు పీకలేదు.

సగానికి సగం

లెక్క చూశాక మోహన్‌దాస్ ఖర్చు సగానికి తగ్గించాలని నిర్ణయించుకున్నాడు. ఎలా తగ్గించాడన్నది మనకు ముఖ్యం. తిండి మానేయలేదు, పుస్తకాలు కొనడం ఆపలేదు. పుస్తకం తిరగేస్తే డబ్బంతా ఎక్కడ కారిపోతోందో కనబడింది. ప్రయాణాలకు చాలా పోతోంది. కుటుంబంతో ఉంటున్నాడు కాబట్టి తిన్నా తినకపోయినా వారం వారం బిల్లు కట్టాలి. మర్యాద కోసం ఆ ఇంటివాళ్లను అప్పుడప్పుడు బయట భోజనానికి తీసుకెళ్లాలి, వాళ్లతో పార్టీలకు వెళ్లాలి, బండి కిరాయిలు పెట్టుకోవాలి.

అందుకని సొంతంగా గదులు అద్దెకు తీసుకున్నాడు. పని ఉన్న చోటికి అరగంటలో నడిచి వెళ్లగలిగే దూరంలో వెతుక్కున్నాడు. ఆ ఒక్క నిర్ణయంతో బండి ఖర్చు పోయింది, రోజుకు ఎనిమిది పది మైళ్ల నడక అలవాటైంది. ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్లూ జబ్బు పడకుండా ఉండటానికి ఆ నడకే కారణమని ఆయన నమ్మారు.

అంతటితో ఆగలేదు. లండన్ మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుని మొదటిసారి లాటిన్‌లో తప్పాడు. రెండోసారి చదవడానికి కూర్చున్నప్పుడు మళ్లీ లెక్క చూసుకున్నాడు. నెలకు 8 నుంచి 15 పౌండ్లు ఖర్చు పెడుతున్న విద్యార్థుల్లో ఎక్కువమందికి స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. తనకు లేదు. అడిగినప్పుడల్లా కాదనకుండా పంపుతున్న అన్న ఉన్నాడు. వారానికి రెండు షిల్లింగుల గదిలో ఉంటూ, చవక కొట్లో రొట్టె, కోకోతో సరిపెట్టుకుని చదువుకునే పేద విద్యార్థి ఒకడు కూడా అతనికి తెలుసు. అంత కష్టపడక్కర్లేదు గానీ, రెండు గదుల బదులు ఒక గది చాలదా అనిపించింది. ఒక గది తీసుకుని, ఒక స్టవ్ కొన్నాడు. పొద్దున్నే ఓట్స్ జావ, కోకో సొంతంగా కాచుకునేవాడు. ఇరవై నిమిషాల పని. మధ్యాహ్నం బయట తినేవాడు. రాత్రి గదిలోనే రొట్టె, కోకో. నెలకు నాలుగైదు పౌండ్లు మిగిలే మార్పు ఇది. రోజు తిండి ఖర్చు ఒక షిల్లింగు మూడు పెన్నీలకు దిగింది.

ఇప్పుడు ఇందాకటి 18 పౌండ్లకు తిరిగి వద్దాం. ఒక షిల్లింగు మూడు పెన్నీలంటే 15 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కాబట్టి ఒక్క పౌండుతో 16 రోజుల తిండి గడుస్తుంది. టోపీ ఖరీదుతో పదిహేను రోజులు. సూటుతో 160 రోజులు. మొత్తం 18 పౌండ్లతో 288 రోజులు. మూడు నెలల మోజు, తొమ్మిదిన్నర నెలల భోజనం. మన పెద్దవాళ్లు మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోమన్నది ఇందుకే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో తన బతుకు నీరసంగా లేదని, మనసు తేలికపడి సంతోషంగా ఉన్నానని ఆయన రాశారు. టైమ్ కలిసొచ్చింది, రెండోసారి లాటిన్‌తో సహా పరీక్ష పాసయ్యాడు. మన దగ్గర పొదుపు అనే మాట పిల్లలకు శిక్షలా వినబడుతుంది. మార్కులు తగ్గినందుకు పాకెట్ మనీ కోస్తాం కాబట్టి. మోహన్‌దాస్‌కు ఎవరూ కోత పెట్టలేదు. ఏది వదులుకోవాలో, ఏది ఉంచుకోవాలో అతనే ఎంచుకున్నాడు. అందుకే ఆ అలవాటు నిలిచింది.

ఆదాయం లేని బారిస్టరు

1891 జూన్‌లో బారిస్టరై ఇండియా తిరిగొచ్చాడు. మన పదో క్లాసు పిల్లలు మంచి కాలేజీ సీటు వస్తే చాలు, డబ్బు అదే వస్తుందనుకుంటారు. బొంబాయిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, వంటవాణ్ణి పెట్టుకున్నాడు. కేసులు రాలేదు. మొదటి కేసు ముప్పై రూపాయల ఫీజుది. కోర్టులో లేచి నిలబడితే తల తిరిగింది, మాట రాలేదు. ఫీజు తిరిగిచ్చేశాడు. ఒక స్కూల్లో రోజుకు గంట ఇంగ్లిష్ చెప్పడానికి నెలకు 75 రూపాయల ఉద్యోగం ఉందని ప్రకటన చూసి అప్లై చేశాడు. డిగ్రీ లేదని తీసుకోలేదు. ఇంగ్లిష్ టీచర్‌గా ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వు, జాలి రెండూ కలుగుతాయి.

ఖర్చు పెరుగుతోంది, రాబడి లేదు. పరువు కోసం అప్పు చేసి బొంబాయిలోనే ఉండిపోవచ్చు. అప్పు చేసి పప్పుకూడు తినడం అంటే అదే. ఆయన ఆ పని చేయలేదు. ఆరు నెలలకే దుకాణం కట్టేసి రాజ్‌కోట్ వెళ్లిపోయాడు. అర్జీలు, దరఖాస్తులు రాసిపెడుతూ నెలకు సుమారు 300 రూపాయలు సంపాదించాడు. 1893లో దక్షిణాఫ్రికాలోని దాదా అబ్దుల్లా కంపెనీ ఏడాది పనికి పిలిచింది. రానుపోను ఫస్ట్ క్లాసు చార్జీలు, అక్కడి ఖర్చులు పోను 105 పౌండ్లు. ఆ డబ్బు అన్నకు పంపొచ్చన్న ఆలోచన ఒప్పుకోవడానికి ఒక కారణం.

ఆ కేసంతా లెక్కల మీద నడిచేది. దస్తావేజుల్లో పి-నోట్ అని కనబడితే అదేమిటో ఆయనకు తెలియదు. అడగడానికి సిగ్గుపడి, చివరికి ప్రామిసరీ నోటు అని తెలుసుకున్నాడు. వెంటనే బుక్ కీపింగ్ పుస్తకం కొని చదివాడు. 40,000 పౌండ్ల దావా మధ్యవర్తిత్వంతో తేలింది. ఓడినవాడు 37,000 పౌండ్లు, ఖర్చులు కట్టాలి. ఒకేసారి కట్టమంటే దివాలా తీస్తాడు. గాంధీ పట్టుబట్టి దాదా అబ్దుల్లాను ఒప్పించి, చాలాకాలం పాటు వాయిదాల్లో కట్టే ఏర్పాటు చేయించాడు. అప్పు ఎంత ఉందన్నదే కాదు, నెల నెలా ఎంత కట్టగలమన్నది కూడా లెక్కే. మనం ఈఎంఐ తీసుకునే ముందు వేసుకునే లెక్క.

ఊరి డబ్బు, ఇంటి డబ్బు

1894లో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు గాంధీ కార్యదర్శి. నెలకు ఐదు షిల్లింగుల చందా. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు, ఖర్చయిన ప్రతి పైసాకూ పద్దు. చేతిలో లేని డబ్బు ఖర్చు పెట్టి సంస్థను అప్పుల పాలు చేయకూడదన్నది ఆయన నియమం. సంస్థ పనికి జీతం తీసుకోలేదు. తన ఇంటి ఖర్చు ఏడాదికి 300 పౌండ్లు అవుతుందని లెక్కేసుకుని, అది లాయరు పనితోనే సంపాదించుకున్నాడు. లండన్‌లో చిన్న పుస్తకంతో మొదలైన అలవాటు అక్కడ వందల మంది నమ్మకానికి కాపలా కాసింది.

చాకలి ఖర్చు ఎక్కువవుతోందని బట్టలు ఉతకడం మీద పుస్తకం కొని నేర్చుకున్నాడు. మొదటిసారి గంజి ఎక్కువై, కాలరు నుంచి పొడి రాలుతుంటే కోర్టులో లాయర్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఎప్పుడూ లెక్క తప్పలేదా అంటే తప్పింది. జొహానెస్‌బర్గ్‌లో ఒక మహిళ శాకాహార హోటల్ పెద్దది చేస్తానంటే, తనను నమ్మి డబ్బు దాచుకున్న బద్రీ అనే క్లయింటును అడిగి 1,000 పౌండ్లు అప్పిప్పించాడు. రెండు మూడు నెలలకే అవి రావని తేలిపోయింది. ఆ నష్టం బద్రీ మీద పడనివ్వలేదు. తానే భరించాడు. మంచి పని కోసమైనా సరే, మరొకరి డబ్బుతో సాహసం చేయకూడదని అప్పుడు తెలిసొచ్చింది. స్నేహితుడి కోసం తన ఫోన్ నుంచి డబ్బు పంపే పిల్లలకు, హామీ సంతకాలు పెట్టే పెద్దలకు ఇది చెప్పాల్సిన కథ.

1901లో ఇండియాకు బయల్దేరుతుంటే అక్కడివాళ్లు బంగారం, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. కస్తూర్బాకు 50 గినీల బంగారు హారం వచ్చింది. ప్రజాసేవకు వచ్చిన కానుకలు ప్రజలవేనని గాంధీ పట్టు. రేపు కోడళ్లు వస్తే ఏం పెడతామన్నది కస్తూర్బా బాధ. ఒక తల్లిగా ఆమె మాటలో న్యాయం లేదని ఎవరంటారు? గాంధీ ముందు పిల్లలతో మాట్లాడి వాళ్లను ఒప్పించాడు, తర్వాత ఆమెను కష్టం మీద ఒప్పించాడు. నగలు ట్రస్టుకు వెళ్లాయి. ఎవరు రైటన్న వాదన పక్కన పెడితే, డబ్బు గురించిన కష్టమైన మాట ఆ ఇంట్లో పిల్లల ముందే జరిగింది.

తర్వాతి జీవితం మీకు తెలిసిందే. 1921లో మన బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశంలో, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూడబెట్టాలని నిర్ణయించారు. ఒకప్పుడు స్టాంపు ఖర్చు రాసుకున్న చేతి మీదుగా లక్షలు నడిచాయి. తాను నడిపిన ఏ ఉద్యమానికీ చివర్లో అప్పు మిగల్లేదని, ఎప్పుడూ ఎంతో కొంత నిల్వే ఉండేదని ఆయన రాసుకున్నారు. దానికి మూలం కుర్రతనంలో లండన్‌లో పడ్డ అలవాటేనని చెప్పారు. 1948 జనవరి 30న ఆయన పోయే నాటికి సొంత ఆస్తి అంటూ చెప్పుకోవడానికి దాదాపు ఏమీ లేదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ఒక చిన్న నోట్‌బుక్ కొనివ్వండి. తేదీ, వచ్చింది, ఖర్చయింది, మిగిలింది అని నాలుగు గడులు చాలు. రాత్రి రెండు నిమిషాల పని. ఫోన్‌పేలో హిస్టరీ ఉంటుంది కదా అంటారు. అది ఫోన్ రాసిన లెక్క. చేత్తో రాసినప్పుడే మనసుకు ఎక్కుతుంది.

2. అడిగినప్పుడల్లా ఇవ్వకుండా, వారానికో నెలకో ఒక మొత్తం ఇవ్వండి. అది ఎంత అన్నది మీ ఇంటి వీలును బట్టి. ముందే అయిపోతే కొత్తగా ఇవ్వొద్దు. తిట్టొద్దు కూడా. ఖాళీ జేబుతో గడిపిన నాలుగు రోజులు నేర్పే పాఠం మేము క్లాసులో నేర్పలేం.

3. ఏదైనా ఖరీదైనది అడిగితే వద్దనే ముందు, దాన్ని రోజుల్లోకి మార్చమనండి. మూడు వేల బూట్లంటే మన ఇంట్లో ఎన్ని రోజుల కూరగాయలు? ఆ లెక్క వాళ్లే వేయాలి. వేశాక కూడా కావాలంటే, తమ డబ్బులోంచి ఎంత దాచగలరో అడగండి.

4. నెలకొకసారి ఒక ఇంటి బిల్లు వాళ్లకు చూపించండి. కరెంటు బిల్లో, కిరాణా చీటీయో, లోన్ కాగితమో. భయపెట్టడానికి కాదు, ఇంట్లో మనిషిగా గుర్తించడానికి.

5. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. పరిమితులు బ్యాంకును బట్టి ఉంటాయి. ఖాతాలో ఉన్నంతే తీయగలరు, అప్పు పడే వీలు లేదు. హాస్టల్‌కు పంపే ముందు ఇది మంచి సాధన.

6. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. డబ్బు విషయంలో ఏ తప్పు చేసినా ఇంట్లో చెప్పుకోవచ్చని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఏదో జరిగాక చెబితే ఆలస్యమవుతుంది.

మీ పిల్లల నోట్‌బుక్ మాకు చూపించనక్కర్లేదు. అది వాళ్లది. ఒక నెల రాశాక వాళ్లు ఏం గమనించారో మాత్రం వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పండి. పక్కన కూర్చున్న మరో తల్లికో తండ్రికో అది పనికొస్తుంది.